గడ్డి మొలవని దారి

మే 3

పిన్నీ,

నువ్వు పెట్టిన షరతు ప్రకారం తెలుగులోనే రాస్తున్నాను. నవ్వకూడదు. క్లాసులో తెలుగు మాట్లాడితే బెంచీ ఎక్కించే మిస్సుల దగ్గర చదువుకున్నదాన్ని, వత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ డౌటే. ఒక్కో వాక్యం ముందు నోట్లో అనుకుని తర్వాత రాస్తున్నాను. ఎవరైనా చూస్తే ఏవో మంత్రాలు చదువుతున్నాననుకుంటారు.

ఫోన్ ఇంకా నాన్న బీరువాలోనే ఉంది. ఫిజిక్స్ పోయిందని తెలిసిన రోజు లోపల పెట్టి తాళం వేశాడు. సప్లిమెంటరీ గట్టెక్కితే ఇస్తాడట. నువ్వు నాన్న ఫోన్‌కి చేసినప్పుడల్లా నేను ‘ఊఁ, బాగున్నా’ తప్ప ఇంకో మాట అననని నీకు కోపం. స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటాడు పిన్నీ, ఇంకేం మాట్లాడమంటావు? అందుకే ఉత్తరాలు. జవాబు క్వార్టర్స్‌కి రాయకు. తోట టికెట్ గదికి రాయి. అక్కడ టికెట్లిచ్చే అక్క తీసి ఉంచుతుంది. ఆ అక్క ఎవరినీ ఏమీ అడగదు, అందుకే నాకిష్టం.

సెలవుల్లో నేను తోటలో వాలంటీర్‌ని. నాన్న సూపర్వైజర్‌గా చేసే తోటలోనే. నువ్వు నా చిన్నప్పుడు ఒకసారి చూశావు, వందేళ్లనాటి బంగళా, ముందు ఎండిపోయిన రాతి ఫౌంటెన్, అద్దాల గది, గులాబీ మళ్లు. ఇప్పుడు ట్రస్టు వాళ్లు పనివాళ్లను తగ్గించేసి వాలంటీర్లను పెట్టుకున్నారు. సగం మంది రిటైరైనవాళ్లు, సగం మంది నాలాంటివాళ్లు. అందరికీ గడ్డి టోపీ, తెల్ల ఏప్రాన్ ఇస్తారు. తోట పాత ఫోటోల్లో ఎలా ఉందో అలాగే కనపడాలని ట్రస్టు మేడమ్ రూలు. ప్లాస్టిక్ అన్నది కంటికి కనపడకూడదు. మా నీళ్ల సీసాలు కూడా సామాన్ల షెడ్డులో ఒకే అర మీద పెట్టి, దాహం వేస్తే అంతదూరం నడిచి వెళ్లి తాగి రావాలి.

ఇక్కడ ఒక తాత ఉన్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఒంటిచక్రం తోపుడుబండి నిండా ఎండుటాకులు వేసుకుని, సందర్శకులు అడ్డొస్తే నోటితో హారన్ కొడతాడు. అచ్చం బస్సు హారనే. ఒకావిడ ఉలిక్కిపడి గులాబీ మడిలో కాలు పెట్టింది. ఆవిడతో స్టాపు వచ్చిందమ్మా దిగండి అన్నాడు. అందరం హారన్ తాత అంటాం. బంగళా నుంచి చెరువు దాకా కంకర దారి ఆయన వంతు. నా రోడ్డు అంటాడు దాన్ని. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో గడ్డిపోచా పీకుతాడు. మొన్న పత్రికవాళ్లు వచ్చి, మందులు వాడకుండా చేత్తోనే ఇంత శుభ్రంగా ఎలా ఉంచారని ఆయన్నే అడిగారు. టోపీ సర్దుకుని ఎంత సేపు మాట్లాడాడో.

నీకొక్కదానికే చెప్తున్నా. ఎవరితోనూ అనకు. ఆ దారి తాత పీకడం వల్ల శుభ్రంగా లేదు. పొద్దున్నే ఎవరూ రాకముందు నాన్న గడ్డిమందు కొడతాడు. గేటు దగ్గర ‘ఈ తోటలో ఏ రసాయనమూ వాడము’ అని ఇంత పెద్ద బోర్డు ఉంది. మేడమ్‌కి తెలిస్తే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఇచ్చిన ఈ ఇల్లూ పోతుంది. ఉన్న ముగ్గురు పనివాళ్లతో ఇంత తోట ఎలా చూడాలి అంటాడు నాన్న. అదీ నిజమే. తాత పీకేది నాన్న వదిలేసిన నాలుగు పోచలే.

ఈ కాగితం చదివి చింపేయి.

నీ పిట్ట


మే 9

ఒసేయ్ పిట్టా,

చింపలేదు. నువ్వు రాసిన మొట్టమొదటి తెలుగు ఉత్తరాన్ని చింపుతానా? తలగడ కింద పెట్టుకున్నాను. వత్తులన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి, ఒకట్రెండు మాత్రం పక్కింటికి వెళ్లాయి.

నాకిప్పుడు ఎనిమిదో నెల. కాళ్లు దిండ్లలా వాచాయి. వార్డులో నేను నడుస్తుంటే పేషెంట్లే లేచి నన్ను కూర్చోమంటున్నారు. మా ఆయన వంట నేర్చుకుంటున్నాడు. ఆ ప్రయోగాలన్నీ నా మీదే. నెలాఖరు నుంచి సెలవు పెడతాను.

మీ నాన్న సంగతి ఎవరికీ చెప్పనులే. అయినా అది పెద్దవాళ్ల గొడవ, నీ బుర్రకెందుకు? బావ మొదటి నుంచీ అంతే. పని అయిపోవాలి, ఎలా అయిందని ఎవరూ అడగకూడదు. మీ అమ్మ కూడా అదే అనేది. నువ్వు ఫిజిక్స్ చూసుకో.

ఇంకో మాట. ఇన్ని రహస్యాలు ఎందుకే నీకు? టికెట్ గది చిరునామా, చింపెయ్యి, ఎవరితోనూ అనకు. నీ వయసులో నేనూ చేశాను ఇవన్నీ, కారణం నీకు తెలుసుగా, ఇప్పుడు వంటింట్లో గిన్నెలు మాడుస్తున్నాడు. ఆ కాలేజీ వాలంటీర్లలో ఎవరైనా ఉన్నాడా? ఉంటే చెప్పు, తిట్టను. తిట్టినా కొంచెమే.

కాళ్లు దించుకోలేక బల్ల మీదే పెట్టుకుని రాస్తున్న
పిన్ని


మే 18

పిన్నీ,

ఎవరూ లేరు. అలాంటిది కాదు.

నిన్ను ఒకటి అడగాలి. నా కోసం కాదు, మా క్లాసు ఫ్రెండ్ ఒకత్తి అడగమంది. గడ్డిమందు నోట్లోకి పోయి, ఒక్క గుక్కే, వెంటనే ఉమ్మేస్తే ఏమన్నా అవుతుందా? బయటికి బాగానే ఉన్నా లోపల ఏమైనా అవుతుందా? ఎన్నాళ్లకి తెలుస్తుంది? ఆసుపత్రికి వెళ్లకపోతే దానంతటదే తగ్గుతుందా? నువ్వు నర్సువి కాబట్టి నీకు తెలుస్తుందని అడిగాను. తొందరగా రాయి.

తోటలో కొత్తగా ఏం లేదు. చెరువులో కలువలు వచ్చాయి. విదేశాల నుంచి ఎవరో అతిథులు వచ్చారని మేడమ్ హడావిడి. హారన్ తాత పనికి రావడం లేదు. షెడ్డులో ఎవరిదో పాడైపోయిన కూల్ డ్రింక్ తాగాడట, నోరంతా పూసిందని వాళ్లావిడ టికెట్ అక్కకి చెప్పింది. తోపుడుబండి ఫౌంటెన్ దగ్గరే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నాకు నిద్ర పట్టడం లేదు. పుస్తకం తెరిస్తే ఒకటే పేజీ. అన్నం ముందు కూర్చుంటే గొంతులోకి దిగట్లేదు. నాన్న ఎందుకలా ఉన్నావంటాడు, ఏమీ లేదంటాను. నేనసలు ఈ ఇంట్లో లేకపోతే నాన్నకి ఏ భయమూ ఉండేది కాదు. అమ్మ ఉంటే అమ్మకి చెప్పి పడుకునేదాన్ని.

మా ఫ్రెండ్ సంగతి మర్చిపోకు.

నేను


మే 21

నా బంగారుతల్లీ,

నీ ఉత్తరం డ్యూటీలో అందింది. స్టోర్ గదిలోకి వెళ్లి తలుపేసుకుని చదివాను.

నేను విషం తాగినవాళ్లని తెచ్చే వార్డులో చేస్తానని నీకు తెలుసు. ప్రతి ఏడూ రిజల్ట్స్ వచ్చిన వారంలో మా మంచాలు నిండిపోతాయి. అందరూ నీ ఈడువాళ్లే. అందరికీ ఒక ఫ్రెండ్ ఉంటుంది. ఆ ఫ్రెండ్ ఇలాంటి ప్రశ్నలే ముందు ఎవరినో అడిగి ఉంటుంది, వాళ్లకి తట్టి ఉండదు. నాకు తట్టింది. నువ్వు ఫిజిక్స్‌లో పోతే పోయావు. పది సబ్జెక్టులు పోయినా నువ్వు నాకు కావాలి.

నీ ప్రశ్నకి జవాబు రాయను. ఆ జవాబు నీ చేతికి ఇవ్వను. ఇంకెప్పుడూ ఎవరినీ అడగకు.

నువ్వు కోప్పడతావని తెలిసే ఒక పని చేశాను. వెంటనే మీ నాన్నకి ఫోన్ చేశాను. గడ్డిమందు గురించి అడుగుతోంది బావా, దాన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకు, ఆ డబ్బాలన్నీ తాళం వేయి అన్నాను. ఏడ్చాడు. మీ అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి. ఇంకెవరితోనైనా ఏమైనా అన్నదా అని అడిగాడు, పరువు పోతుందని కాబోలు. లేదన్నాను. ఇంట్లోనే ఉంచుతాను, కంటికి రెప్పలా చూసుకుంటానన్నాడు. బావని ఇన్నాళ్లూ మొరటు మనిషి అనుకున్నాను, తప్పు నాదే.

ఆయన చెప్పినట్టు విను. తోటకి కొన్నాళ్లు వెళ్లకపోతే కొంప మునగదు. ఈ కడుపుతో ప్రయాణం వద్దంటున్నారు గానీ, లేకపోతే ఈపాటికి నీ పక్కన ఉండేదాన్ని.

తిను. నాకోసం తిను.

పిన్ని


మే 25

పూజ్యులైన పిన్నిగారికి,

నేను క్షేమంగా ఉన్నాను. మీరు అనవసరంగా కంగారుపడ్డారు. నేను అడిగింది నా గురించి కాదు, ఒక కథల పుస్తకంలో చదివి అడిగాను. నాన్నగారు నన్ను బాగా చూసుకుంటున్నారు. తోటకు వెళ్లడం మానేసి ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నాను. టికెట్ గదికి ఇకపైన ఉత్తరాలు రాయవద్దు, ఇంటి చిరునామాకే రాయండి.

తోటలో పనిచేసే ఒక పెద్దాయనకు జ్వరం వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చారు. నిన్న నాన్నగారు నన్ను కూడా తీసుకెళ్లి చూపించారు. ఆయన లేచి కూర్చుని మాట్లాడుతున్నారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని, తగ్గిపోతుందని డాక్టర్లు చెప్పారు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు


మే 26

పిన్నీ,

నిన్నటి ఉత్తరం నాన్న పక్కన కూర్చుని రాయించాడు. నేను నిన్ను మీరు అనడం చూస్తేనే నీకు అర్థమై ఉండాలి. ఇది టికెట్ అక్క చేతికి ఇస్తున్నాను. కుళాయి నీళ్లకని వంటింటి కిటికీ దగ్గరికి వస్తుంది, కవరు బకెట్‌లో వేసుకుని వెళ్తుంది. ఫోన్ చేయమంటుంది గానీ చేయలేను. టికెట్ గదిలోనుంచి చేయాలి, అక్కడిదాకా వెళ్లలేను, వెళ్లినా వరుసలో నిలబడ్డవాళ్లందరూ వింటారు. అయినా ఈ మాట నాకు నోట్లోంచి రాదు. రాయడమే వస్తుంది.

నేను చచ్చిపోవాలనుకోలేదు. ఒక్కసారి కూడా అనుకోలేదు. నా గురించి అడగలేదు పిన్నీ, హారన్ తాత గురించి అడిగాను.

నాన్న మందు డబ్బాతో గేటు దాటి రాలేడు, వాచ్‌మన్ చూస్తాడు. అందుకని కూల్ డ్రింక్ సీసాలో పోసుకొస్తాడు. అదీ నల్లగానే ఉంటుంది. రోజూ కొట్టడం అయ్యాక సీసా గోనెసంచుల వెనక దాస్తాడు. ఆ రోజు అతిథులొస్తున్నారని మేడమ్ కారు తొందరగా వచ్చేసింది. హారన్ వినపడగానే నాన్న సీసా చేతికందిన చోట పెట్టి పరుగెత్తాడు. అందరం నీళ్లు పెట్టుకునే అర మీద పెట్టాడు.

నేను షెడ్డులో టోపీలు తీస్తున్నాను. సీసా అక్కడ ఉండటం చూశాను. తీసి సంచుల వెనక పెడదామనుకున్నాను, ఇంతలో మేడమ్ పిలిచింది. తిరిగొచ్చేసరికి తాత గుమ్మంలో నిలబడి ఎత్తి తాగుతున్నాడు. ఒక్క గుక్క. థూ అని ఉమ్మేసి, ఇదేం కూల్ డ్రింక్ తల్లీ, ఇంజనాయిల్‌లా ఉంది అని నవ్వాడు. నేను నీళ్లిచ్చాను. బాగా పుక్కిలించమన్నాను. చెప్దామని నోరు తెరిచాను. బయట మేడమ్ అతిథులకి మా తోటలో మందు చుక్క కూడా వాడమని చెప్తోంది, అంతా వినపడుతోంది. తాత మూతి తుడుచుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. హారన్ కూడా కొట్టాడు.

నాన్నకి చెప్పాను. మొహం తెల్లగా అయిపోయింది. నా చేతిలోని సీసా లాక్కుని, ఉమ్మేశాడుగా, ఏం కాదు, ఇంకోసారి ఆ మాట ఎత్తావంటే మనం రోడ్డు మీద ఉంటాం అన్నాడు. తర్వాత నువ్వు ఫోన్ చేశావు. ఆయన ఏడ్చింది నేను చచ్చిపోతానని కాదు పిన్నీ. నీకు చెప్పేస్తానని. అప్పటినుంచి పనికి వెళ్తూ బయట తాళం వేసి వెళ్తున్నాడు. ఎవరైనా అడిగితే, మనసు బాగోలేదు, ఏమైనా చేసుకుంటుందేమోనని అంటున్నాడు. వాళ్ల పిన్నే చెప్పింది కదా అంటే అందరూ నమ్ముతున్నారు.

ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లాడో నాకు తెలుసు. తాత బాగానే ఉన్నాడని నాకు చూపించడానికి. నిజంగానే బాగున్నాడు. నోటి పుండ్లు తగ్గాయి, గుటక పడుతోందట. నన్ను చూసి నా రోడ్డు ఎలా ఉంది, గడ్డి మొలిచిందా అని అడిగాడు. లేదు తాతా అన్నాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. చెప్పక్కర్లేకుండానే తగ్గిపోయింది అనుకున్నాను.

ఈరోజు అక్క చెప్పింది, నిన్న సాయంత్రం నుంచి ఆయాసం వస్తోందట, ఏదో మాస్కు పెట్టారట.

ఇప్పుడైనా జవాబు రాయి. ఉమ్మేశాడు కదా. ఏం కాదు కదా. డాక్టరుకి చెప్పకపోయినా పర్వాలేదా? చెప్తే నాన్నని తీసుకెళ్తారు. నాకు నాన్న తప్ప ఎవరున్నారు? పర్వాలేదని రాస్తే ఇక ఎవరికీ చెప్పను.

భయంతో
నీ పిట్ట


మే 28

పిట్టా,

ఇది కొరియర్‌లో మీ టికెట్ అక్క పేరున పంపుతున్నాను. రేపటికి అందుతుంది.

రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. నీ ప్రశ్న, ఆయన నోరు పూసిందన్న మాట. నేను ఒకటే చదివాను. దానికి నన్ను నేను ఏమనుకోవాలో తర్వాత అనుకుంటాను, ఇప్పుడు టైము లేదు.

నీకు అబద్ధం రాయను. పర్వాలేదని రాయమన్నావు. రాయలేను. గడ్డిమందు ఉమ్మేసినా లోపలికి వెళ్లింది చాలు. ముందు నోరు పూస్తుంది, తర్వాత తగ్గినట్టే ఉంటుంది. లేచి కూర్చుంటారు, తింటారు, ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడుగుతారు. అప్పటికి ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలై ఉంటుంది. మొదటి గంటల్లో తెలిస్తే కొంతమంది బతుకుతారు. ఇప్పుడు బతుకుతాడని నేను చెప్పలేను.

కానీ ఇప్పటికీ చెప్పాలి. ఎందుకో శ్రద్ధగా చదువు. నిమ్ము అనుకుని వాళ్లు ఆక్సిజన్ పెట్టారు. మామూలు నిమ్ముకి అదే మందు. గడ్డిమందు పడ్డ ఊపిరితిత్తులకి మాత్రం ఆక్సిజనే నిప్పు. ఎంత ఎక్కువ పెడితే అంత తొందరగా కాలిపోతాయి. వాళ్లకి తెలియదు కాబట్టి మంచి చేస్తున్నామనుకుని రోజురోజుకీ పెంచుతారు. అది ఆగాలంటే సీసాలో ఏముందో వాళ్లకి తెలియాలి.

నేను ఊరుకోలేదు. నీ ఉత్తరం అందగానే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి వార్డు డాక్టరుతో మాట్లాడాను. మీరు చూశారా అన్నాడు. లేదు, మా అక్క కూతురు అన్నాను. ఆయన మంచివాడే, విచారించాడు. మధ్యాహ్నం నేనే మళ్లీ చేస్తే, సూపర్వైజర్ స్వయంగా వచ్చి అలాంటిదేమీ లేదన్నాడని, ఆ పిల్లకి మతిస్థిమితం సరిగా లేదని వాళ్ల పిన్నే చెప్పిందన్నాడని చెప్పాడు. ట్రస్టు వాళ్లు కూడా మా తోటలో మందులే లేవని ఫోన్ చేశారట. బావ నోటికి ఆ మాట అందించింది నేనే. నా మాట ఇక అక్కడ చెల్లదు. చూసినదానివి నువ్వొక్కదానివే.

మా ఆయన వచ్చే శుక్రవారం రైల్లో బయలుదేరుతున్నాడు. అంతకుముందు రిజర్వేషన్ దొరకలేదు. అప్పటిదాకా ఆగమని చెప్పలేను. ఆ మాస్కు ఆగదు.

అక్కని తాళం సంగతి చూడమను. వెళ్లి డాక్టరుతో ఒక్క వాక్యం చెప్పు. మిగతాది వాళ్లు అడుగుతారు. మీ నాన్న ఏమవుతాడని అడుగుతావు. తెలియదు. నీకు ఎవరున్నారని అడిగావు. నేనున్నాను, ఇదిగో ఈ పుట్టబోయేది ఉంది. ఇంట్లో ఒక గది ఖాళీ చేశాము.

పిన్ని


జూన్ 2

పిన్నీ,

బాబాయి రైలెక్కే లోపు ఇది నీకు అందుతుందో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను.

కొరియర్ అందిన రోజే అక్క వచ్చింది. తాళం పగలగొట్టలేదు. వంటింటి కిటికీ ఊచలు పాతవి, తుప్పు పట్టినవి. ఇద్దరం ఒకదాన్ని పక్కకి వంచాం. అక్క ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆటోలో నా చెయ్యి పట్టుకుంది, అంతే.

వార్డులో తాత మొహం సగం మాస్కు కిందే ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరు మంచం దగ్గరే ఉన్నాడు. నువ్వు చెప్పినట్టే ఒక్క వాక్యం చెప్పాను. “తాత తాగింది కూల్ డ్రింక్ కాదు, గడ్డిమందు. మా నాన్న సీసాలో పోశాడు, నేను చూశాను.” ముందు ఇంగ్లీషులో వచ్చింది, ఆయనకి అర్థమైంది గానీ తాత భార్యకి కాలేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. మళ్లీ తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఒకే మాట రెండుసార్లు చెప్పడం ఎంత కష్టమో పిన్నీ. తాత కళ్లు తెరిచే ఉన్నాయి. విన్నాడని నాకు తెలుసు.

డాక్టరు వెంటనే సిలిండర్ దగ్గరికి వెళ్లి తిప్పి తగ్గించాడు. తర్వాత బయటికి పిలిచి ఏ రోజు, ఎంత, ఏ రంగు అని అడిగాడు. మొదటి రోజే తెలిసి ఉంటే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. ఆపకుండా ఉంటే బాగుండేది. మిగతాది నేనే రోజూ పూర్తి చేసుకుంటున్నాను.

తాత మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఆవిడ నన్ను తిట్టలేదు. కొడుతుందేమోనని గోడకి ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపు అయ్యాక నా దగ్గరికి వచ్చింది. “రోజూ మందు కొట్టేవాడా మీ నాన్న?” అని అడిగింది. రోజూ అన్నాను. “మరి ఈయన ఇన్నాళ్లూ ఆ దారి తనే శుభ్రం చేశాననుకున్నాడే. మోకాళ్లకి రాత్రీ పగలూ నేనే కదా తైలం రాశాను” అంది. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

నాన్నని ఆ సాయంత్రమే పోలీసులు తీసుకెళ్లారు. ఇంటి ముందు నుంచే తీసుకెళ్లారు. నన్ను చూడలేదు. షర్టు గుండీలు పెట్టుకుంటూ జీపెక్కాడు. పై గుండీ తప్పుగా పెట్టుకున్నాడు, ఎవరూ చెప్పలేదు.

నిన్న ట్రస్టు మేడమ్ ఇంటికొచ్చింది. నా పక్కన మంచం మీద కూర్చుని తల నిమిరింది. నువ్వు చిన్నపిల్లవి, కంగారులో ఏదో అనుకున్నావు, సీసాలో ఏముందో నువ్వేమైనా రుచి చూశావా అంది. ఆయన బయట ఎక్కడో తాగి ఉండొచ్చు కదా అంది. పరీక్షలు అయ్యేదాకా క్వార్టర్స్ ఖాళీ చేయక్కర్లేదట. ఆ కంకర దారికి తాత పేరు పెడతారట, చేత్తో కలుపు తీసిన మనిషి అని రాయి కూడా వేయిస్తారట. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి రేపు జాగ్రత్తగా మాట్లాడు తల్లీ అంది.

రేపంటే ఇన్‌స్పెక్టర్ నా వాంగ్మూలం తీసుకుంటాడు. ఆసుపత్రిలో చెప్పింది డాక్టరుకి చెప్పినట్టట, వీళ్లకి మళ్లీ చెప్పాలి, రాసుకుని సంతకం పెట్టించుకుంటారట. నాన్న అక్కతో కబురు పంపాడు. పోయడం చూడలేదని అను, అంతే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అని. ఇంకో మాట కూడా చెప్పమన్నాడట. ఇల్లు పోతుందనే చేశాను గానీ ఆయన్ని చంపాలని చేయలేదని పిట్టకి తెలుసు కదా అన్నాడట. తెలుసు పిన్నీ. అదే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

బాబాయి వచ్చేదాకా వాయిదా వేయమని అడగొచ్చని అక్క చెప్పింది. పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాలని రూలు కూడా ఉందట. అక్కే ఉంటానంది. ఆమె ఉద్యోగం సంగతి అడిగితే, టికెట్లు ఎక్కడైనా చింపొచ్చు అంది. నేను ఆగను. షెడ్డులో ఆగాను, ఆసుపత్రిలో నాన్న చెయ్యి భుజం మీద ఉందని ఆగాను. ఇంకో రెండు రోజులు ఆగితే మేడమ్ చెప్పినట్టే నాకూ అనిపించడం మొదలవుతుంది. ఇప్పటికే ఒకసారి అనిపించింది.

స్టేషన్‌లో నాన్నకి ఇంటి భోజనం ఇవ్వనిస్తారట. అన్నం, పప్పు వండాను. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూశాను, ఇంట్లో ఇంకెవరూ లేరు కదా చూడటానికి. రేపు పొద్దున మళ్లీ వేడిగా వండి క్యారియర్ కడతాను. ముందు క్యారియర్ ఇద్దామనుకున్నాను. కానీ ముందు ఇస్తే నాన్న మొహం చూడాలి. చూస్తే చెప్పలేను. అందుకని ముందు సంతకం పెట్టేసి, తర్వాత అన్నం ఇస్తాను.

తింటాడో లేదో.

పిట్ట